కలకత్తా వదినగారి జ్వరం

ఆ రోజుల్లో కంప్యూటరు కోర్సు చేసినవాడంటే మా వైపు ఒక గౌరవం ఉండేది. వాడు ఏం చేయగలడో ఎవరికీ సరిగ్గా తెలియదు కాబట్టి ఆ గౌరవానికి హద్దంటూ ఉండేది కాదు. టీవీలో బొమ్మ దూకుతున్నా నన్నే పిలిచేవారు, బోరు మోటారు నీళ్ళు ఎత్తకపోయినా నన్నే పిలిచేవారు. (ఒకసారి పక్కింటివాళ్ళ గేదె ఈనలేక అవస్థ పడుతుంటే కూడా పిలిచారు. వెళ్ళి దూరంగా నిలబడ్డాను. అది ఈనేసింది. ఆ తర్వాత నా పేరు తాడేపల్లిగూడెం దాకా పాకింది.) సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పెద్దవాళ్ళ జేబుల్లోకి వస్తున్న కాలం అది. ఏలూరులో బీకాం గట్టెక్కి, అక్కడే ఒక మేడ మీది గదిలో ఏడాదిపాటు కంప్యూటరు నేర్చుకుని, పెద్ద సర్టిఫికెట్టుతోనూ చిన్న మీసంతోనూ ఇంటికొచ్చిన నాకు ఈ గౌరవమైతే ఉంది గానీ ఉద్యోగం లేదు. ఇంట్లో కూర్చుంటే గేదెల డాక్టరుగా స్థిరపడిపోతానని భయపడి మా అమ్మ నన్ను గణపవరంలో ఉన్న తన చిన్న తమ్ముడి దగ్గరికి పంపేసింది.

మా చినమావయ్యది చేపల వ్యాపారం. కొల్లేటి పక్క చెరువుల్లో రైతులు పెంచిన చేపలు కొని, ఐసు మధ్య పెట్టెల్లో సర్ది, లారీకెత్తించి కలకత్తా పంపేవారు. ఆ వ్యాపారానికంతటికీ ప్రాణం పొద్దున్నే కలకత్తా నుంచి వచ్చే ఒక ఫోను. అక్కడి మార్కెట్లో మా సరుకు అమ్మిపెట్టే ఏజెంటు ఒకాయన ఉండేవారు, మన నరసాపురం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ మనిషే. ఆ పూట శీలావతి చేప ఎంత పలికిందో ఆయన చెబితే, దాన్ని బట్టి ఇక్కడ చెరువు గట్టు మీద ఎంతకి కొనాలో మావయ్య తేల్చుకునేవారు. ఆ ధర ముందు ఎవరి చెవిన పడితే చెరువు వాళ్ళది. చిక్కేమిటంటే, కొన్నాళ్ళుగా ఆ ధర మా మనుషులు గట్టుకి చేరేలోపే ఇంకొకాయనకి తెలిసిపోతోంది. ఆయన మా వీధిలోనే కొట్టు పెట్టుకున్న మరో చేపల వ్యాపారి. నల్ల కళ్ళజోడు స్నానానికి కూడా తియ్యరని ప్రతీతి కాబట్టి ఊరంతా ఆయన్ని కళ్ళజోడు గారనే అనేవారు. మా వాళ్ళు వెళ్ళేసరికి ఆయన మనుషులు ఒక పావలా ఎక్కువ చెప్పి, చెరువు మాట్లాడేసుకుని, గట్టు మీద కూర్చుని మురీలు తింటూ కనిపించేవారు. అలా పెద్ద చెరువులు వరసగా చేజారిపోయాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కొట్టు మూసేయడమే అనే స్థితికొచ్చింది వ్యవహారం.

"మన దగ్గరి నుంచే ఎవరో మోస్తున్నార్రా అల్లుడూ," అన్నారు మావయ్య నేను సంచీ దింపకముందే. "గుమస్తాని అనుమానించాను, ఆయన ఏడ్చాడు. డ్రైవర్ని అనుమానించాను, ఆయన నన్ను ఏడిపించాడు. ఇక నువ్వే దిక్కు. మీ కంప్యూటరు చదువులో దీనికేమైనా మందుందా?"

ఉంది. మా కోర్సులో సమాచార భద్రత అని ఒక పాఠం ఉండేది. ఆ పాఠం చెప్పిన రోజున నేను మ్యాట్నీకి వెళ్ళాను గానీ, పక్కవాడు నాకు బస్టాండు దాకా నడుస్తూ అంతా చెప్పాడు. (బస్టాండు దగ్గరే కాబట్టి అంతా చెప్పలేకపోయాడు.) వాడు చెప్పినదాన్ని బట్టి, మాట్లాడేవాడు మనవాడేనని తేల్చుకోవడానికి ఒక పాస్‌వర్డు ఉండాలి, మాట బయటివాడికి అర్థం కాకుండా ఒక కోడు ఉండాలి, లోపలి మనుషుల్ని కూడా నమ్మకూడదు. నేను వెంటనే రంగంలోకి దిగాను. ఫోను ఉన్న గదికీ గుమస్తాలు కూర్చునే గదికీ మధ్య ఉన్న తలుపు మూయించి, గొళ్ళెం పెట్టించాను. తలుపు మూసేసరికి గదిలో ఉక్క పోసింది. అందుకని అప్పటిదాకా ఓరగా ఉండే వీధి వైపు కిటికీని బార్లా తెరిపించాను. మావయ్య ముచ్చటపడి కొనుక్కున్న కంప్యూటరు ఒకటి ఆ గదిలోనే, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని, నుదుట బొట్టు పెట్టుకుని ఉండేది. దానికి కూడా ఒక పాస్‌వర్డు పెట్టాను. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు కాబట్టి ఆ ఏర్పాటు ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

ఫోను పాస్‌వర్డు మాత్రం మొదటి రోజే దెబ్బతింది. మనం ఫోను ఎత్తగానే ఏజెంటుగారు "కొల్లేరు" అనాలి, అప్పుడే మనం మాట కలపాలి అని నిర్ణయించాం. తెల్లవారి ఫోను మోగింది. ఏజెంటుగారు అలవాటు కొద్దీ "నమస్కారమండి" అన్నారు. మావయ్య మొహం బిగించి, "అలాగంటే కుదరదండీ, మాట చెప్పండి," అన్నారు. "ఏం మాటండీ?" అన్నారు ఆయన. "అదేనండీ, నిన్న అనుకున్న మాట." "ఏం అనుకున్నామండీ?" మావయ్యకి ఒళ్ళు మండిపోయింది. "ఏవండీ, మీరు కొల్లేరు అంటే తప్ప నేను మాట్లాడేది లేదండీ!" అని గట్టిగా కేకేశారు. "ఆఁ, కొల్లేరండి," అన్నారు ఏజెంటుగారు. మావయ్య రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగి, "మనాయనేరా," అన్నారు తృప్తిగా.

ఇక లాభం లేదని కోడులోకి దిగాను. అది నా తెలివికి పరాకాష్ఠ అని ఆ వయసులో నేను నమ్మాను. ఇద్దరు తెలుగువాళ్ళు ఫోనులో మాట్లాడుకుంటే వినేవాడికి అనుమానం రాకుండా ఉండే సంగతి ఏమిటి? చుట్టాల ఆరోగ్యం. కాబట్టి శీలావతి చేప ఇకనుంచి శీలావతి కాదు, వదిన. దాని ధర జ్వరం. ధర పెరిగితే వదినకి జ్వరం పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు, ఒక్కో డిగ్రీ ఒక్కో రూపాయి. లారీ అంటే అంబులెన్సు. మార్కెట్టు మూతపడితే వదిన పోయినట్టు. ఇదంతా నేను ఏజెంటుగారికి ఉత్తరంలో రాసి పంపి, మావయ్య చేత బట్టీ పట్టించాను. "మరీ పోవడమేంట్రా, పుట్టింటికెళ్ళిందని పెడితేనో?" అని మావయ్య కొంచెం నసిగారు. కోడు విషయంలో మొహమాటాలు పనికిరావని నేను కొట్టిపారేశాను.

కోడు అద్భుతంగా పనిచేసింది. వారం తిరక్కుండానే కళ్ళజోడు గారి మనుషులు గట్ల మీద కనిపించడం మానేశారు. మా మనుషులు తాపీగా వెళ్ళి, తాపీగా కొని, వాళ్ళే కూర్చుని మురీలు తినడం మొదలుపెట్టారు. మావయ్య నాకు కొత్త చొక్కా గుడ్డ కొనిపెట్టారు. కాకపోతే వీధిలో జనం మావయ్య వంక అదోలా చూడసాగారు. పొద్దున్నే మా గదిలోంచి ఇలా మాటలు వినిపించేవి మరి: "వదినకి జ్వరం రెండు డిగ్రీలు పెరిగిందా? అబ్బ, ఎంత చల్లని కబురు చెప్పారండీ! ఇంకొంచెం పెరిగేలా ఉందా? ఆయ్! మీ నోటి చలవండి!" మరుసటి రోజు: "తగ్గిపోయిందా? అయ్యో, ఇలాగైతే మేమెలా బతకాలండీ?"

మా ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడ ఉండేది. ఏ మాటైనా 'దేవునికి స్తోత్రం' అని మొదలుపెట్టే మనిషి కాబట్టి ఆవిణ్ణి అందరం స్తోత్రం పిన్ని అనేవాళ్ళం. చాలా జాలి గుండె. ఆవిడ ఒకరోజు నాకు టీ గ్లాసు అందిస్తూ, "స్తోత్రం బాబూ. మీ మావయ్యగారి వదినగారికి ఒంట్లో అంత బాగోలేదా? అత్తిలిలో ఉండే ఆవిడేనా?" అని అడిగింది. నేను తడుముకుని, "అత్తిలావిడ కాదండీ, కలకత్తాలో ఉంటారు," అన్నాను. "మరి మీ మావయ్యగారేంటి బాబూ, పాపం ఆవిడకి జ్వరం పెరిగితే సంతోషపడతారు?" అంది. టీ ఊదుకుంటూ, "జ్వరం పెరిగితే త్వరగా దిగుతుందటండీ, అక్కడి వైద్యం వేరు," అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఆదివారం చర్చిలో విషయం చెప్పింది. పాస్టరు గారు కలకత్తాలో మంచం పట్టిన సోదరి కోసం సంఘమంతటి చేతా ప్రార్థన చేయించారు.

సోమవారం పొద్దున శీలావతి ధర ఒక్కసారిగా పడిపోయింది. మావయ్య తల పట్టుకుని కూర్చున్న వేళకి సరిగ్గా పాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి, "జ్వరం బాగా తగ్గిందటగదండీ, టీకొట్టు దగ్గర చెప్పారు. దేవుడు మన మొర ఆలకించాడండీ," అన్నారు చిరునవ్వుతో. మావయ్య మెల్లగా తలెత్తారు. దేవుడి మీద కోప్పడలేరు, పాస్టరు గారి మీద అసలే కోప్పడలేరు. చేతులు జోడించి, "అయ్యగారూ, మీరు పెద్దమనసుతో చేశారండీ. కాకపోతే ఆవిడది కొంచెం చిత్రమైన ఒళ్ళండీ. మరీ అంత తగ్గకూడదు. మధ్యస్థంగా ఉండేలా ప్రార్థన చేయడానికేమైనా వీలవుతుందాండీ?" అని అడిగారు. పాస్టరు గారు ముప్ఫై ఏళ్ళ సేవలో అలాంటి కోరిక విని ఉండరు. ఆలోచిస్తూ సైకిలెక్కి, స్టాండు తియ్యడం మర్చిపోయి అక్కడే కాసేపు తొక్కి, తర్వాత వెళ్ళిపోయారు.

అసలు ముప్పు ఆ తర్వాతి వారంలో వచ్చింది. కలకత్తాలో హఠాత్తుగా బంద్. మార్కెట్టు మూత. సరుకుతో మా లారీ మార్కెట్టు బయట ఎండలో నిలబడిపోయింది. ఒక్క లారీ చేప కుళ్ళిపోతే మావయ్య ఆ ఏడాదికి లేవలేరు. ఇంత ప్రమాదంలోనూ ఆయన కోడు తప్పలేదు. నేను పక్కనే నిలబడి చూస్తూ గర్వపడ్డాను కూడా. ఎంతసేపంటే, నేను ఐసుకి కోడు పెట్టడం మర్చిపోయానని గ్రహించేదాకా.

"ఆఁ? ఏంటండీ? వదిన పోయిందా? అయ్యయ్యో! మరి ఇప్పుడెక్కడుందండీ, అంబులెన్సులోనేనా? ఎండలోనా? అయితే ఐసు వేయించండి! పైనా కిందా బాగా దట్టించండి! వాసనొస్తే మన పరువేం కానండీ? రేపు తెల్లారగానే ఎంతకొస్తే అంతకి వదిలించేసుకోండి! ఆయ్! మరీ ఎవరూ తీసుకోకపోతే ఉప్పేసి ఎండబెట్టించేయండి!"

ఫోను పెట్టేసేసరికి వీధిలో ఎక్కడో ఒక గాజు గ్లాసు పగిలిన చప్పుడు వినిపించింది.

కాసేపటికల్లా స్తోత్రం పిన్ని పొయ్యి ఆర్పేసి, కొట్టుకి పరదా దించేసి వచ్చింది. వెనకాల పాస్టరు గారు వచ్చారు, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళొచ్చారు, వీధి వీధంతా వచ్చింది. కళ్ళజోడు గారు తన కొట్టు మూయించి, ఆ రోజు కొనుగోళ్ళన్నీ ఆపించి, పెద్ద చామంతి దండతో వచ్చారు. గుమ్మంలో ఆగి కళ్ళజోడు తీశారు. (ఆయనకి కళ్ళున్నాయని మేం చూడటం అదే మొదలు. రెండూ తడిగా ఉన్నాయి.) "దుఃఖంలో మాట తడబడుతుందండీ," అన్నారు మావయ్య భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఉప్పూ అదీ అన్నారట, అది మేమెవరం మనసులో పెట్టుకోం. ఫోటో ఏదండీ, దండ వేద్దాం?" మావయ్య నావంక చూశారు. "ఫోటో కలకత్తాలో ఉండిపోయిందండీ," అన్నాను. ఆయన దండ పట్టుకుని గదంతా వెతికి, గుడ్డ కప్పుకుని బొట్టు పెట్టుకుని ఉన్న వస్తువు అదొక్కటే కనిపించడంతో, భక్తిగా కంప్యూటరుకి వేశారు. జనం దాని ముందు కూర్చుని తలలు దించుకున్నారు. స్తోత్రం పిన్ని సన్నగా ఏడుపందుకుంది.

అప్పుడైనా నిజం చెప్పేద్దామని నేను మావయ్య చెవిలో గొణిగాను. "కళ్ళజోడు గారు ఇక్కడే ఉన్నార్రా, కోడు తెలిసిపోదూ?" అన్నారు మావయ్య పళ్ళ బిగువున, కళ్ళు ఒత్తుకుంటూ. వ్యాపార రహస్యం కోసం ఆయన నిజంగానే రెండు కన్నీటి చుక్కలు రాల్చారు. అలా ఇంకో గంట గడిచిపోతే జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేవారే. కానీ మధ్యాహ్నం బస్సు దిగి మా పెద్దత్తయ్య వచ్చింది.

పెద్దత్తయ్య అంటే మావయ్య అన్నగారి భార్య. మావయ్యకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క అసలు వదిన. అత్తిలిలో కాపురం. పెద్ద గొంతు కాదు గానీ, ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే పెద్ద గొంతులవాళ్ళు ఆగిపోయేవారు. ఆవిడ వెనకాల చేతిసంచీతో మా పెద్దమావయ్య నడిచి వచ్చారు. సన్నగా, మెత్తగా, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడే మనిషి. రైసుమిల్లులో గుమస్తాగా చేసి మానేశారు.

అత్తయ్య జనాన్నీ, దండనీ, కంప్యూటర్నీ వరసగా చూసి, "ఏమయ్యా మరిదీ," అంది. "పొద్దున పక్కింటికి ఫోనొచ్చింది. మీ మరిదిగారి వదినగారు పోయారండీ, బయల్దేరి రండి అన్నారు. అది నేనేగదండీ, ఉన్నానే అన్నాను. మీరు కాదండీ, కలకత్తాలో ఉండే ఆవిడ అన్నారు."

"పెద్దవాళ్ళకి తెలియజేయకపోతే బాగోదని నేనే చేయించానండీ," అన్నారు కళ్ళజోడు గారు వినయంగా.

"మంచిపని చేశారు బాబూ," అని అత్తయ్య మళ్ళీ మావయ్య వైపు తిరిగింది. "బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. నీ పెళ్ళానికి అక్కల్లేరు. మేనత్త కూతుళ్ళంతా నీకంటే చిన్నవాళ్ళు. నీకు అన్నగారు ఒక్కరే. మరి నేను కాకుండా కలకత్తాలో నీకు ఇంకో వదిన ఉందంటే, ఆవిడ ఎవరి పెళ్ళామయ్యా?"

అందరి తలలూ నెమ్మదిగా పెద్దమావయ్య వైపు తిరిగాయి. ఆయన కూడా, ఎవరా అని, తన వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"పెళ్ళైన కొత్తలో మిల్లు యంత్రం సామాను కొనడానికి కలకత్తా వెళ్ళి నెల్లాళ్ళు రాలేదు," అంది అత్తయ్య. "పచ్చకామెర్లు వచ్చాయన్నారు. నమ్మాను. ఇన్నేళ్ళూ నమ్మాను."

"కామెర్లేనే," అన్నారు పెద్దమావయ్య బిక్కచచ్చి. "కళ్ళు కూడా పచ్చగా ఉన్నాయని నువ్వే అన్నావు గదే."

"ఎందుకు పచ్చబడ్డాయో ఇప్పుడు తెలిసింది," అంటూ అత్తయ్య కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అంతదాకా నవ్వాపుకుంటున్న నాకు కూడా అక్కడ నవ్వు రాలేదు. పక్కన కళ్ళజోడు గారు నిలబడి ఉన్నారు. మావయ్య ఆయన వంక చూశారు, వదిన వంక చూశారు, అన్నయ్య వంక చూశారు. కొట్టంతటినీ ఒక్కసారి చుట్టూ చూసుకుని, గొంతు సవరించుకుని చెప్పేశారు.

"వదినా, కలకత్తాలో పోయింది మనిషి కాదు. శీలావతి."

"పేరు కూడా ఉందా!" అని అత్తయ్య ఘొల్లుమంది.

శీలావతి అంటే చేప అనీ, జ్వరమంటే ధర అనీ, అంబులెన్సంటే లారీ అనీ మొత్తం వివరించడానికి చాలాసేపు పట్టింది. మధ్యమధ్య పాస్టరు గారు "అంటే ఆ ఆదివారం నేను…" అని ఆగిపోతూ ఉన్నారు. స్తోత్రం పిన్ని ఏడుపు ఆపి, "స్తోత్రం, నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంది చేపకా!" అని, అంతలోనే ఫక్కున నవ్వేసింది. దాంతో సంతాపానికొచ్చిన వాళ్ళందరూ నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు గారు మాత్రం నవ్వలేదు. దండ వైపు చూసి నొచ్చుకుని, "ఎవరి దగ్గర దాచడానికండీ ఇదంతా?" అని అడిగారు.

"మీ దగ్గరేనండీ," అన్నారు మావయ్య. "దాపరికమెందుకూ. నా ధర మీకెవరు మోసేవారో అదైనా ఇప్పుడు చెప్పండి."

"మోయడమేంటండీ?" అన్నారు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి. "నేను రోజూ ఆ టీకొట్టు బల్ల మీద కూర్చుంటాను. మీరు ఫోనులో ధర పైకి అంటే కిటికీలోంచి అక్కడికి శుభ్రంగా వినిపిస్తుందండీ. ధర కాబట్టి వినేవాణ్ణి, అది వ్యాపారం. మీ వదినగారికి ఒంట్లో బాగోలేదని తెలిశాక మీరు ఫోను పెట్టేసేదాకా టీ పక్కన పెట్టి చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటున్నాను. ఇంటి సంగతులు వినడం మర్యాద కాదు గదండీ. కావలిస్తే పిన్నిని అడగండి."

మావయ్య బార్లా తెరిచిన వీధి కిటికీ వంక చూసి, నావంక చూశారు. "కిటికీ ఎవడు తెరిపించాడ్రా?" అన్నారు చాలా మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. నేను కొత్త చొక్కా బొత్తాలు సరిచేసుకున్నాను.

నిజానికి ఆ రోజు ఎవరికీ నష్టం జరగలేదు. ఐసు నిలబెట్టింది, బంద్ తీసేయగానే మా లారీ సరుకు మంచి ధరకే పోయింది. సంతాపం కొద్దీ కొనుగోళ్ళు ఆపుకున్న కళ్ళజోడు గారు మూతపడ్డ మార్కెట్టుకి సరుకు పంపే గండం నుంచి బయటపడ్డారు. మర్నాటి నుంచి మేం కిటికీ మూసేశాం. ధర మళ్ళీ బయటికి పోలేదు.

సాయంత్రం అత్తిలి బస్సు ఎక్కించడానికి నేనే వాళ్ళతో వెళ్ళాను. అత్తయ్య నవ్వుతూనే ఉంది, నవ్వుతూనే మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ ఉంది. ఆవిడ లోపలికి ఎక్కి సీటు పట్టుకుంటుండగా పెద్దమావయ్య నన్ను పక్కకి లాగారు. తిడతారేమో అనుకున్నాను. నా వల్ల ఆ పెద్దాయన అంతమందిలో దోషిలా నిలబడ్డారు మరి. ఆయన మొహం చూస్తే వెలిగిపోతోంది.

"ఒరే అల్లుడూ," అన్నారు గుసగుసగా. "మీ అత్తయ్య నన్ను అనుమానించిందిరా. ఈ వయసులో! బస్సులో అత్తిలి నుంచి గణపవరం దాకా చూపు తిప్పకుండా నావంకే చూసింది. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు చూళ్ళేదురా." జేబులోంచి పది రూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టి, మిఠాయి కొనుక్కోమని చెప్పి, కుర్రాడిలా ఒక్క గెంతుతో బస్సెక్కేశారు.

ఆ మాటలో అంత సంబరపడాల్సింది ఏముందో ఇరవై రెండేళ్ళ వయసులో నాకు అర్థం కాలేదు. పెద్దాయనకి కొంచెం మతి తప్పిందనుకున్నాను. ఆ పదితో మిఠాయి కొనుక్కుని తిన్నాను. ఇప్పుడు నాకు నలభై దాటి చాలా రోజులైంది. ఏలూరులో చిన్న కంపెనీలకి కంప్యూటర్ల భద్రత చూసే పనే చేస్తున్నాను. ఏది ఎలా దాచాలో ఊరందరికీ చెబుతాను. ఈ మధ్య మా ఆవిడ ఒక్కసారైనా తొంగి చూస్తుందేమోనని నా ఫోనుకి మాత్రం తాళం తీసేసి, అన్నం తినే బల్ల మీద బోర్లా కూడా కాదు, వెల్లకిలా పెడుతున్నాను. అది మోగితే ఆవిడ పేరైనా చూడకుండా నా చేతికిచ్చి, పప్పు వడ్డించుకోమంటుంది.